నేను లేదన్న చుక్క

ఈ పనిలకు కొత్తగ వచ్చే పిల్లలు నన్ను ఒకటే అడుగుతరు, "సార్, వనపర్తిల కూసొని అంతరిక్షంల ఉన్న టెలిస్కోపుతోని ఎట్ల పనిచేసిండ్రు?" అని. ఎట్ల చేసిన్నో నాకే సక్కగ సమజ్ కాలే, ఇంక మీకేం చెప్పాలె. నాగర్‌కర్నూల్‌ల కొన్నేండ్లు, వనపర్తిల మిగిలిన ఏండ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన. రెండువేల సంవత్సరం దాటినంక, నౌకరిల చివరి ఆరేడేండ్లు, ఎక్స్-రే చుక్కల ఎంబడి పడ్డ. ప్రమోషన్ల కథ, ఫైళ్ల కథ నేను రాయ. అవి అందరికి ఒక్క తీరే ఉంటయ్. నేను చేసిన రెండు తప్పులు రాస్త. మొదటి తప్పుకు అందరు నవ్విండ్రు. రెండో తప్పు ఇంచుమించు ఎవ్వరికి తెల్వలే, కాని దానితోని ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయింది.

మేం చేసిన పని

దవాఖానల ఎముకలకు తీసే ఎక్స్-రే మీకు తెల్సు. గసొంటి కిరణాలే ఆకాశంల కొన్ని చుక్కల నుంచి గుడ వస్తయ్. మన గాలి వాటిని కిందికి రానియ్యదు. గందుకే టెలిస్కోపును ఉపగ్రహంల పెట్టి పైకి పంపుతరు. మేం వాడింది మనది కాదు, పరాయి దేశాలోళ్లది. వాళ్లు ఒక చుక్కను చూడాలని టైం అడుగుతరు, చూస్తరు, ఏడాది గడిచినంక ఆ సమాచారం లోకానికి ఇడిసిపెడ్తరు. వాళ్లు తిని లేచినంక మేం బంతిల కూసున్నట్టు.

బొమ్మ నడిమిట్ల ఉన్న చుక్క వాళ్లది. దాని కోసమే చూసిండ్రు కాబట్టి దాని గురించే రాసుకుంటరు. మూలలకు ఏమున్నదో ఎవ్వరికి పట్టదు. ఆ మూలలల వెదికి దేవులాడుడే మా పని.

మొదటిసారి ఆ సమాచారం తెరిచిన దినం నాకు యాదికున్నది. ఫోటో ఉంటదనుకున్న. చూస్తె అంకెల వరుసలు, లక్షలు. ఒక్కొక్క కిరణం కెమెరా మీద ఏ గడిల పడ్డది, ఏ టైముకు పడ్డది, ఎంత బలంతోని పడ్డది, గీ మూడు ముక్కలే. వాటిని కంప్యూటర్‌ల బొమ్మ చేస్తె నల్ల గొంగడి మీద తెల్ల నువ్వులు చల్లినట్టు వచ్చింది. ఏది చుక్క, ఏది ఊకె వచ్చి పడ్డ కిరణం? సూర్యుని నుంచి వచ్చే రేణువులు గుడ అదే కెమెరా మీద పడ్తయ్. అవి జోరుగ వచ్చిన టైంల బొమ్మ మొత్తం నువ్వులే. రెండు నెలలు నాకు ఏం సమజ్ కాలే. సమజ్ అయిందని స్టాఫ్ రూంల చెప్పుకుంట తిరిగిన గని, కాలే.

మేం దేవులాడింది అన్ని రకాల చుక్కలు కాదు. ఒకసారి ఉండి, ఇంకోసారి లేకుండ పోయేటివి. చచ్చిపోయిన బరువు చుక్క ఒకటి, మామూలు చుక్క ఒకటి, జంటగ తిరుగుతుంటయ్. మామూలు దాని నుంచి వాయువు కొద్దికొద్దిగ వచ్చి చచ్చినదాని చుట్టు చేరుతది. ఏండ్ల తరబడి సప్పుడుండదు. ఒక దినం ఆ చేరిందంత ఒక్కపారి లోపలికి పడ్తది, గప్పుడు ఎక్స్-రేలల భగ్గుమంటది. వారాలో నెలలో మండి మళ్ల మాయం. మా ఊకచెట్టు వాగు చూసినోళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. ఏడాదంత ఇసుకనే ఉంటది, ఒక్క వానకు బస్సులు ఆగిపోతయ్.

దీంట్ల రెండు ప్రశ్నలు ఉంటయ్. ఉన్నదా? ఉంటె ఏ చుక్కది? రెండోదే పెద్ద పరేషాన్. ఎక్స్-రే బొమ్మల చుక్క ఉన్న చోటు చుట్టు ఒక చిన్న గుండ్రం గీస్తం, దీంట్ల ఎక్కడ్నో ఉన్నదని. అదే చోటును మామూలు టెలిస్కోపు ఫోటోల చూస్తె ఆ గుండ్రంల మూడు నాలుగు చుక్కలు ఉంటయ్. ఏ ఇంటి పొగనో దూరం నుంచి చెప్పమంటె ఎట్ల చెప్తం? ఊహించి చెప్తం. చాలసార్లు తప్పు చెప్తం.

మూర్తి సార్

నాకు ఈ పని అంటగట్టింది మూర్తి సార్. హైదరాబాద్‌ల ఒక పరిశోధన సంస్థల పెద్ద శాస్త్రవేత్త. మా కాలేజికి ఒకసారి లెక్చర్ ఇయ్యనీకె వచ్చి, నేను అడిగిన ప్రశ్న నచ్చి, "మీరు మాతో పనిచేయండి, సమాచారం మేం పంపుతాం," అన్నరు. నిజం చెప్పాలంటె ఆ ప్రశ్న నాకు సమజ్ కాక అడిగింది. ఆయన దాన్ని లోతైన ప్రశ్న అనుకున్నరు.

మా కాలేజికి వచ్చిన రెండు కంప్యూటర్లల ఒకటి ప్రిన్సిపాల్ రూంల బట్ట కప్పి ఉంటుండె. రెండోది నాకు దక్కింది. ఇంటర్నెట్ సెంటర్ బస్టాండ్ కాడ ఉండె గని, మా ఫైళ్లు దానితోని దిగాలంటె వారం పడ్తది, నడుమల కరెంటు పోతె మళ్ల మొదటికి. గందుకని మూర్తి సార్ లాబోళ్లు సీడీలల రాసి, వనపర్తి బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపుతుండిరి. నేను బస్టాండ్‌ల నిలబడి, పెండ్లికి వచ్చిన చుట్టాన్ని దింపుకున్నట్టు దింపుకుంటుంటి. ఆ టెలిస్కోపుకు మూడు కెమెరాలు ఉంటయ్, మూడు ఒకేసారి ఒకే దిక్కు చూస్తయ్. ఒక్కొక్క కెమెరా సమాచారం ఒక సీడీ నిండ అయితది. మాకు అన్నిట్లకు పెద్ద కెమెరాది ఒక్కటే పంపుతుండిరి.

మూర్తి సార్ గురించి ఉన్నదున్నట్టు రాస్త. మంచి మనిషి, ఒక్కనాడు గొంతు పెంచలే. "మీరు చూశారా, చూసినట్టు అనిపించిందా?" అని అడిగేటోడు. గసొంటి ప్రశ్న నాకు ఇంకెవ్వరు నేర్పలే. కాని ఆయన ఏ విషయం తేల్చేటోడు కాదు. ఇద్దరు కొట్లాడుకుంటె, "మీరిద్దరూ మాట్లాడుకుని రండి," అనేటోడు. పెద్దోళ్లు తేల్చని కాడ చిన్నోళ్లే నష్టపోతరు. ఆ ముచ్చట ముందుకు వస్తది.

చేతితోని రాసుకున్న రిజిస్టరు

ఒక చుక్క కొత్తదా పాతదా తెల్వాలంటె, ఇంతకుముందు దొరికిన చుక్కల జాబితా కావాలె. ఆ జాబితా పుస్తకం మా దిక్కు యాడ లేదు. హైదరాబాద్‌ల ఒక లైబ్రరీల ఉన్నది, బయటికి ఇయ్యరు. జిరాక్స్ మిషిను కరాబైంది. నేను దసరా సెలవులల పోయి, మూడు దినాలు కూసొని, పెద్ద గీతల రిజిస్టరుల నాకు కావాల్సిన ఆకాశం ముక్కల ఉన్న చుక్కలన్ని చేతితోని ఎక్కించుకొచ్చిన. మా జిల్లా లెక్చరర్లం అందరం గిట్లనే చేస్తుంటిమి. పుస్తకం లేకుంటె రాసుకొచ్చుకునుడే.

ఆ రిజిస్టరు చూసుకొని ఎంత మురిసిపోయిన్నో. గీతలు కొట్టి, ఎర్ర ఇంకుతోని నంబర్లు ఏసి, అట్ట ఏసి పెట్టుకున్న.

తర్వాత ఎండకాలంల ఒక బొమ్మ మూలకు జోరుగ మెరిసే చుక్క కనిపించింది. వందల కిరణాలు. రిజిస్టరు తీసి చూసిన, ఆ చోట్ల ఏం లేదు. దానికి దగ్గరల ఉన్న పాత చుక్క, నిండు పున్నమి చందమామ ఎంత వెడల్పు కనిపిస్తదో గంతకంటె జర ఎక్కువ దూరంల ఉన్నది. గంత దూరం ఉంటె అదే చుక్క ఎట్ల అయితది? కాదు. అంటె నాది కొత్తది! నా కాళ్లు భూమి మీద ఆగలే. ఇంటికి పోయి నా భార్య సత్తెమ్మకు చెప్పిన. "మంచిగైంది, గా చుక్కకు జర ఉప్పు తెమ్మని చెప్పు, ఇంట్ల నిండుకున్నది," అన్నది.

మూర్తి సార్‌కు ఫోన్ చేసిన. "మీరు చూశారా, చూసినట్టు అనిపించిందా?" అన్నరు. "చూసిన సార్, ఒట్టు," అన్న. ఆయన నమ్మి, దేశదేశాల శాస్త్రవేత్తలకు పోయే బులెటిన్‌కు నా పేరు మీద పంపిండు. మర్నాడే జవాబు వచ్చింది. రెండు లైన్లు. ఇది ఎప్పటి నుంచో తెల్సిన చుక్కనే, మీరు పోల్చిన జాబితా ఏ సంవత్సరం లెక్కదో చూసుకోండి, అని.

ఏ సంవత్సరం లెక్కది ఏంది? నాకు ముందు సమజ్ కాలే. తర్వాత తెల్సింది. భూమి తిరిగే ఇరుసు బొంగరం లెక్క మెల్లగ ఊగుతుంటది. గందుకని చుక్కల అడ్రసు నంబర్లు ఏండ్లు గడిచినకొద్ది మారుతయ్. ఆ పుస్తకంల నంబర్లన్ని పంతొమ్మిదివందల యాభై లెక్కల ఉన్నయ్. టెలిస్కోపు బొమ్మల నంబర్లు రెండువేల లెక్కల ఉన్నయ్. యాభై ఏండ్లల అడ్రసు జరిగిన దూరమే ఆ చందమామ అంత దూరం. పుస్తకం మొదటి పేజీల పెద్ద అక్షరాలతోని రాసి ఉండెనట. నేను నంబర్లు ఎక్కించిన గని మొదటి పేజీ ఎక్కించలే.

సత్తెమ్మ పుట్టిల్లు ఉప్పునుంతల దిక్కు. ఆమెకు చెప్తె పకపక నవ్వింది. "మా నాయిన పొలానికి పాత సర్వే నంబరు వేరే, కొత్త సర్వే నంబరు వేరే. పట్వారి కాడికి పోయిన ప్రతి రైతుకు తెల్సు. గింత చదివిండ్రు, మీకు గది తెల్వదా?"

కాలేజిల ఏడాది దాకా నన్ను "కొత్త చుక్క సార్" అన్నరు. నాకు సిగ్గుతోని తల ఎత్తుకోబుద్ధి కాకపాయె. పిల్లలూ, ఇక్కడ వినుండ్రి. తప్పు చేసుడు తప్పు కాదని అందరు చెప్తరు, నేను చెప్ప. నా తప్పు నుంచి నేను నేర్చుకోవాల్సింది, మొదటి పేజీ చదువు అని. నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఏది నమ్మకు, నమ్మకుంటె ఎవ్వడు నవ్వడు, అని. ఈ రెండు ఒక్కటి కావని నాకు చాన ఏండ్లు తెల్వలే.

షాహీన్

షాహీన్‌ది గద్వాల. నాయిన లేడు, తల్లి బట్టలు కుట్టి చదివించింది. గద్వాలల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజిల ఫిజిక్స్ చెప్పుకుంట, మూర్తి సార్ కింద పీహెచ్‌డీల చేరింది. ఆయన గైడ్, నేను కో-గైడ్. హైదరాబాద్ దూరం కాబట్టి ప్రతి ఐతారం, సెలవు దినం చూసుకొని, మా కాలేజికి వచ్చి, నా కంప్యూటర్ ముంగట కూసునేది. ఎర్రవల్లి చౌరస్తల బస్సు మారి, పొద్దుగాల తొమ్మిదింటికల్ల గేటు కాడ ఉండేది.

తెలివి గురించి ఏం చెప్పాలె. నాకు రెండు నెలలు సమజ్ కాని బొమ్మ ఆమెకు రెండు ఐతారాలల సమజ్ అయింది. నేను ఒక్కటే నేర్పిన. నిజమైన చుక్కను టెలిస్కోపు అద్దం ఒక్క గడిల పెట్టదు, చుట్టుపక్కల గడులల చిన్న గుండ్రంగ పరుస్తది, నడిమిట్ల ఎక్కువ, అంచులకు తక్కువ. కెమెరా మీద చెడిపోయిన గడి అయితె, ఆ ఒక్క గడినే ఊకె వెలుగుతది. దాన్ని మేం మచ్చ అంటుంటిమి. "ఒక్క గడిల ఉంటె మచ్చ, పరుచుకుంటె చుక్క," అని చెప్పిన. ఆమె నోటుబుక్కుల రాసుకున్నది.

ఆమె థీసిస్‌ల తెల్సిన చుక్కల గురించి మూడు అధ్యాయాలు అయినయ్. కమిటీ వాళ్లు, సొంతంగ కనిపెట్టింది ఒకటన్న ఉండాలె అన్నరు. రిజిస్ట్రేషన్‌కు అదే ఆఖరి ఏడు. డిగ్రీ చేతికొస్తె ఒక డిగ్రీ కాలేజిల లెక్చరర్ నౌకరి ఇస్తమని ఆమెకు మాట ఇచ్చినోళ్లు ఉండిరి. రాకుంటె జూనియర్ కాలేజిలనే, ఏడాదికొకసారి తీసేస్తరో ఉంచుతరో తెల్వని నౌకరి.

ముప్పై ఒక్క కిరణాలు

గడువు ఇంక నెల పదిహేను దినాలు ఉన్నదనంగ, ఒక ఐతారం షాహీన్ ప్రింట్ తీసిన కాయితాలు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని వచ్చింది. ఎప్పుడు నిమ్మళంగ మాట్లాడే పిల్ల, ఆ దినం కూసోకనే మొదలుపెట్టింది.

"సార్, ఇది చూడుండ్రి. ఇదే చోటు, ఎనిమిది నెలల ముందు తీసిన బొమ్మల ఏం లేదు. దీంట్ల ఉన్నది."

చూసిన. బొమ్మ కొసకు, అంచు కాడ, నువ్వుల కుప్ప అసొంటిది ఉన్నది.

"ఎన్ని కిరణాలు?"

"ముప్పై ఒకటి సార్."

"గా మూలకా? మచ్చ అయ్యుంటది తియ్యి."

"మచ్చ అయితె ఒక్క గడిల పడాలె గద సార్. ఇవి గుండ్రంగ పరుచుకున్నయ్. మీరు చెప్పినట్టే, నడిమిట్ల ఎక్కువ, అంచులకు తక్కువ. టైము గుడ చూసిన, టెలిస్కోపు చూసిన ఆరు గంటలల అంత సమానంగ వచ్చినయ్. పాత జాబితాలు అన్ని చూసిన, రెండువేల లెక్కలకు మార్చే చూసిన. దేంట్ల లేదు."

ఆ "రెండువేల లెక్క" అన్న మాట వినంగనే నాకు లోపల ఏదో అయింది. ఆమె నన్ను ఎత్తిపొడవనీకె అనలే, నాకు తెల్సు. కాని చెవుల "కొత్త చుక్క సార్" అన్న నవ్వు వినిపించింది.

"పక్కపక్క గడులు నాలుగు ఒక్కపారే చెడితె?" అన్న.

"గట్ల అయితదా సార్?"

అయితదా? నాకు తెల్వదు. గప్పుడు తెల్వదు, ఇప్పుడు గుడ పూరా తెల్వదు. కాని నేను, "అయితది," అన్న.

ఆమె బొమ్మ మీద వేలు పెట్టింది. మళ్ల అన్నది, "మిగిలిన రెండు కెమెరాలవి తెప్పించుకుందం సార్. మూడు కెమెరాలు వేరే వేరే గద. ఒక కెమెరా మీది మచ్చ ఇంకో కెమెరా మీద ఉండదు. దాంట్ల గుడ ఉన్నదంటె చుక్కనే."

ఇంతకంటె సక్కటి మాట ఇంకేముంటది? నా నెత్తిల మట్టి పడ, నేను ఏమన్నానో చూడుండ్రి. "గడువు నెల పదిహేను దినాలు ఉన్నది. ఆ సీడీల ఎంబడి తిరిగితె థీసిస్ ఎప్పుడు రాస్తవ్? ఉన్న మూడు అధ్యాయాలు మంచిగ రాసుకో బిడ్డా. ఇది పెడితె అందరు నవ్వుతరు. నా మాట విను."

"మీరు సంతకం పెట్టరా సార్?"

"లేనిదానికి ఎట్ల పెడ్త?"

ఆ అధ్యాయం మీద నా సంతకం లేనిది మూర్తి సార్ కాడికి పోదు. ఆమె కాయితాలు మళ్ల కవర్ల పెట్టుకున్నది. ఏడ్వలే, కొట్లాడలే. "సరే సార్," అన్నది.

మూడు అధ్యాయాలతోనే థీసిస్ పోయింది. కమిటీ సరిపోదన్నది. గడువు పెంచమని అడిగితె ఇయ్యలే. రిజిస్ట్రేషన్ రద్దైంది. మూర్తి సార్ ఫోన్‌ల, "అయ్యో, మీరిద్దరూ కలిసి ఏదో ఒకటి తేల్చుకుని ఉంటే బాగుండేది," అన్నరు. షాహీన్ ఐతారాలు వచ్చుడు బందైంది. నేను మంచే చేసిన అనుకున్న. నవ్వులపాలు కాకుండ కాపాడిన అనుకున్న. నిజంగ గట్లనే అనుకున్ననా, లేకుంటె నాకు దక్కంది చిన్నపిల్లకు దక్కుతదని లోపల మండిందా? ఎన్నిసార్లు ఆలోచించిన్నో. ఒక దినం గట్ల అనిపిస్తది, ఇంకో దినం గిట్ల అనిపిస్తది. ఇయ్యాల్టికి తేలలే.

రిటైర్ అయినంక

రిటైర్ అయిన ఏడాదికి ఇంట్ల బ్రాడ్‌బ్యాండ్ పెట్టిచ్చుకున్న. పొద్దు గడవక ఒక పగటిపూట ఆ టెలిస్కోపు సమాచారం ఉన్న సైట్ తెరిచిన. అప్పుడు సీడీ కోసం బస్టాండ్‌ల నిలబడ్డ ఫైలు, ఇప్పుడు నేను చాయ్ తాగి వచ్చేసరికి దిగుతున్నది. ఏ బొమ్మ చూడాలె అని ఆలోచించాల్సిన పనే పడలే. చెయ్యే పోయి ఆ బొమ్మ నంబరు కొట్టింది.

రెండో కెమెరల ఆ చోటు అంచు దాటి బయటపడ్డది, దాంట్ల ఏం లేదు. నాకు జర నిమ్మళమైంది. నిమ్మళమైందని రాయనీకె సిగ్గైతున్నది గని, అయింది. తర్వాత మూడోది తెరిచిన.

ఉన్నది.

అదే చోటు. గుండ్రంగ పరుచుకొని. లెక్కపెట్టిన, పందొమ్మిది కిరణాలు. మూడో కెమెరా చిన్నది, దానికి అంతే రావాలె. నాకు నమ్మబుద్ధి కాలే. లెక్కలు మళ్ల చేసిన, నంబర్లు రెండువేల లెక్కలనే ఉన్నయా అని మొదటి పేజీ నుంచి చదివిన. మూడు దినాలు అదే పని. సత్తెమ్మ, "గా కంప్యూటర్‌ల ఏం పోగొట్టుకున్నరు?" అన్నది.

నాలుగు గడులు కలిసి చెడినయని అన్న గద, అది నేను భయంతోని పుట్టిచ్చిన మాట. ‘తెల్వదు’ అనాల్సిన కాడ ‘లేదు’ అన్న. ఈ పనిల తెల్వదు అనుడు పెద్ద గౌరవం, పిల్లలూ. కొత్తోళ్లు చెప్పనీకె సిగ్గుపడ్తరు, ముసలోళ్లు అస్సలే చెప్పరు. లేదు అనే మాటకు గుడ రుజువు కావాలె, ఉన్నది అనే మాటకు కావాల్సినంత.

మొత్తం వెదికిన. ఆ చుక్క గురించి లోకంల ఇంకెవ్వరు రాయలే. మూలల ఉన్నది గద, ఎవ్వరు చూడలే. రెండు పేజీల వ్యాసం రాసిన. గుండ్రంల రెండు మామూలు చుక్కలు ఉన్నయ్, ఏదో తెల్వదు అని సాఫ్‌గ రాసిన. పైన షాహీన్ పేరు ముందు పెట్టిన, నా పేరు రెండోది. ప్రింట్ తీసుకొని గద్వాల బస్సెక్కిన.

గద్వాల

షాహీన్ ఇంటి వరండల కుర్చీ ఏసుకొని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నది. నన్ను చూసి లేచి, "రాండ్రి సార్, గింత ఎండల వచ్చిండ్రు," అని లోపలికి కేకేసి నీళ్లు తెప్పించింది. వాళ్లమ్మ నీళ్లిచ్చి, గడప కాడ నిలబడ్డది. పిల్ల మొఖంల కోపం లేదు. ఉంటె నా మనసుకు అల్కగుండేది.

నీళ్లు తాగి, "షాహీన్, అది ఉన్నది," అన్న.

"ఏది సార్?"

"నీ చుక్క. మూడో కెమెరల గుడ ఉన్నది. నేను చూసిన. పందొమ్మిది కిరణాలు."

ఆమె పెన్ను మూత పెట్టింది. "పందొమ్మిది కాదు సార్, ఇరవై ఒకటి. రెండు జర బలం తక్కువయి. మీరు బలం హద్దు పైకి పెట్టి ఉంటరు, అవి జారిపోయినయ్."

ఈ పిల్లకు ఎట్ల తెల్సు?

"మీరు లేదన్న వారమే హైదరాబాద్ పోయిన సార్," అన్నది. "మూర్తి సార్ లాబ్‌ల కూసొని మూడో కెమెరాది తెరిచి చూసిన. ఆయన గుడ చూసిండు. 'మీ కో-గైడ్ కాదన్నారు కదమ్మా, ఆయనతో మాట్లాడి సంతకం తీసుకురా, పంపేద్దాం,' అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన సార్."

"ఎప్పుడు?"

"ఆ తర్వాత ఐతారం. మీరు కాలేజి మెట్లు దిగుతున్నరు, ఎవరిదో పెండ్లి ఉండె, తొందరల ఉండిరి. 'మూడో కెమెరల గుడ ఉన్నది సార్,' అన్న. మీరు ఆగకనే, 'అది గుడ మచ్చనే,' అని పోయిండ్రు."

నాకు యాదికి లేదు. ఎంత గుంజినా రాలే. మెట్లు యాదికున్నయ్, ఐతారాలు యాదికున్నయ్, ఎవరి పెండ్లో తెల్వదు, ఆ మాట అన్ననో లేదో తెల్వదు. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. అంటె అన్న. ఒక మనిషి నాలుగేండ్ల కష్టం ఒక్క మాటతోని కతం చేసి, ఆ మాట గుడ నా దగ్గర లేకుండ పోయింది.

"నన్ను మాఫ్ చేయి బిడ్డా," అన్న. వాళ్లమ్మ అటు తిరిగి లోపలికి పోయింది. నేను సంచిలకెళ్లి వ్యాసం తీసి ఇచ్చిన. షాహీన్ మొదటి పేజీ పూర్తిగ చదివింది, రెండోది చదివింది, మళ్ల మొదటి పేజీ పైకి వచ్చింది.

"దీని మీద మీ పేరు ఎందుకు సార్?"

"నేను గుడ చూసిన గద," అన్న. అని, నాకే వినబుద్ధి కాలే.

"అప్పుడు సంతకం పెట్టుండ్రి అంటె పెట్టలే. ఇప్పుడు నేను అడగలే," అన్నది. గొంతు పెంచలే, క్లాసుల లెక్క చెప్పినట్టే చెప్పింది. "మీరు నేర్పిన తీరునే చూసిన సార్. ఒక్క గడిల ఉంటె మచ్చ, పరుచుకుంటె చుక్క. మీరు నేర్పిందాన్ని నేను నమ్మిన. మీరు నమ్మలే."

కాయితం నా దిక్కు జరిపి, పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను మూత తీసి ఇచ్చింది. నా పేరు మీద నేనే గీత కొట్టిన.

"లోపల ఇరవై ఒకటి అని గుడ దిద్దుండ్రి సార్," అన్నది.

దిద్దిన.